భారత కోకిల మొంబాసా ఎందుకు వెళ్లారు?

సరోజినీ నాయుడు పేరు మనలో చాలామందికి జీకే బిట్‌గానే తెలుసు. స్వతంత్ర భారతంలో మొదటి మహిళా గవర్నర్ ఎవరు, భారత కోకిల అని ఎవర్ని అంటారు, ఫిబ్రవరి 13 జాతీయ మహిళా దినోత్సవం ఎవరి పుట్టినరోజు, అన్నింటికీ ఒకటే ఆన్సర్. టిక్ పెట్టేసి నెక్స్ట్ క్వశ్చన్‌కి వెళ్లిపోతాం. నాలాగా ఇంగ్లిష్ మీడియంలో చదివినవాళ్లకి ఇంకొకటి కూడా తెలుసు. హైదరాబాద్ బజార్ల మీద, గాజులు అమ్మేవాళ్ల మీద ఆమె రాసిన ఇంగ్లిష్ పద్యాలు. వాటికి సమ్మరీలు రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాం.

ఈ వ్యాసం ఆ పద్యాల గురించి కాదు. 1924 జనవరిలో ఈ హైదరాబాద్ ఆవిడ తూర్పు ఆఫ్రికాలోని మొంబాసాలో ఒక మహాసభకి అధ్యక్షత వహించారు. అక్కడ గొడవంతా ఒక్క విషయం మీదే: కెన్యా శాసన మండలిలో ఎవరు కూర్చోవాలి, వాళ్లని ఎన్నుకునే ఓటు ఎవరికి ఉండాలి. ఆ మండలే నలభై ఏళ్లకి స్వతంత్ర కెన్యా పార్లమెంట్ అయింది. ఆమె జీవితం గురించి చదివిన ప్రతిచోటా ఈ ప్రయాణానికి ఒక లైను, మహా అయితే రెండు లైన్లు దొరుకుతాయి. నాకేమో ఆ రెండు లైన్ల దగ్గరే బండి ఆగిపోయింది.

ముందు మనిషి గురించి చెప్పుకుందాం. సరోజిని 1879లో హైదరాబాద్‌లో పుట్టారు. నాన్న అఘోరనాథ చటోపాధ్యాయ బెంగాలీ. ఎడిన్‌బరో నుంచి డీఎస్సీ తెచ్చుకుని, తర్వాత నిజాం కాలేజీగా మారిన కాలేజీని ఇక్కడ మొదలుపెట్టినాయన. అమ్మ వరదసుందరి. ఎనిమిదిమంది పిల్లల్లో సరోజిని పెద్ద. పన్నెండేళ్లకే మద్రాస్ యూనివర్సిటీ మెట్రిక్ పాసయ్యారు, అదీ ఫస్ట్ ర్యాంకులో. (మనం పన్నెండేళ్లప్పుడు ఒలింపియాడ్ ఫౌండేషన్ క్లాసులకి వెళ్తూ ఏడుస్తున్నాం.) పదహారేళ్లకి నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండ్ వెళ్లి, లండన్ కింగ్స్ కాలేజీలో, కేంబ్రిడ్జ్ గర్టన్‌లో చదివారు. డిగ్రీ పూర్తి చెయ్యకుండానే 1898లో తిరిగొచ్చేశారు.

తిరిగొచ్చిన ఆ ఏడాదే పెళ్లి. వరుడు డాక్టర్ గోవిందరాజులు నాయుడు, తెలుగాయన. బెంగాలీ బ్రాహ్మల అమ్మాయి, తెలుగు నాయుడు. ఆ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. ఆమెని అంత చిన్న వయసులో ఇంగ్లండ్ పంపడం వెనక ఈ ప్రేమని కాస్త దూరం పెట్టాలన్న ఆలోచన కూడా ఉందంటారు. దూరం పనిచెయ్యలేదు. మద్రాసులో, కులం అడ్డురాని 1872 నాటి వివాహ చట్టం కింద పెళ్లి జరిగింది. దగ్గరుండి జరిపించింది మన కందుకూరి వీరేశలింగం గారు. వితంతు వివాహాలు, రాజశేఖర చరిత్రము అని మనం వేరే పాఠంలో చదువుకునే మనిషి, ఈ పాఠంలోకి ఇలా వచ్చి నిలబడతాడని నేను అస్సలు ఊహించలేదు.

నాంపల్లి స్టేషన్ రోడ్డులో వాళ్లుండిన ఇల్లు ఇప్పటికీ ఉంది. 1905లో వచ్చిన మొదటి కవితల పుస్తకం పేరే ఆ ఇంటి పేరు, గోల్డెన్ థ్రెషోల్డ్. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ మొదట్లో ఆ ఇంట్లోనే నడిచింది. మా ధూల్‌పేట్ నుంచి జుమెరాత్ బజార్, బేగంబజార్ మీదుగా పోతే పెద్ద దూరం కూడా కాదు. నలుగురు పిల్లలు పుట్టారు, జయసూర్య, పద్మజ, రణధీర, లీలామణి. ఆరోగ్యం ఎప్పుడూ అంతంత మాత్రమే. అలా ఇల్లు, పిల్లలు, కవిత్వం, అతిథులు అని సాగిపోవాల్సిన జీవితం అది.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. హైదరాబాద్ వాళ్లకి ఈ తేదీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. పదిహేను వేలమంది దాకా చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్ దగ్గర చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది బతికిన కథ మా స్కూల్ ట్రిప్పులో అందరికీ చెప్తారు, ఆ చెట్టు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉంది. మూసీ మీద మూడు వంతెనలు కొట్టుకుపోయాయి. మా ఇంటి దగ్గరి పురానాపూల్ ఒక్కటే, 1578లో కట్టిన ముసలిది, నిలబడింది. ఆ వరద సహాయంలో సరోజిని దిగారు. అందుకు బ్రిటిష్ ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. జలియన్‌వాలాబాగ్ తర్వాత ఆమె దాన్ని తిరిగి ఇచ్చేశారు. బజార్ల గురించి అందంగా రాసిన ఆవిడ ఆ బజార్లు మునిగినప్పుడు బురదలోకి దిగారు కదా, అప్పట్నుంచే నాకు ఆవిడ మీద నమ్మకం.

గోఖలే ఆమెని రాజకీయాల వైపు లాగారు. 1914లో లండన్‌లో గాంధీని కలిశారు. ఆయన అప్పుడే దక్షిణాఫ్రికా నుంచి వచ్చి, నేలమీద కూర్చుని చెక్కగిన్నెలో ఏదో తింటున్నారట. ఈమెకి నవ్వాగలేదు. వాళ్లిద్దరి స్నేహం అలా నవ్వుతోనే మొదలై చివరిదాకా అలాగే నడిచింది.

ఇక్కడ నుంచి ఆమె జీవితంలో ఒక విషయం మళ్లీ మళ్లీ వస్తుంది. అది ఓటర్ల జాబితా. 1917 డిసెంబర్‌లో మద్రాసులో మాంటేగు అనే భారత మంత్రిని కలిసిన మహిళా బృందానికి ముందు నిలబడింది ఈవిడే. అడిగింది ఒకటే, కొత్త చట్టంలో ప్రజలు అని రాసినచోట ఆడవాళ్లు కూడా లెక్కలోకి రావాలి. 1919లో లండన్ వెళ్లి పార్లమెంట్ కమిటీ ముందు ఇదే చెప్పారు. లండన్ వాళ్లు తేల్చకుండా, మీ మీ రాష్ట్రాల సభలే చూసుకుంటాయని వదిలేశారు. 1921లో మద్రాస్ రాష్ట్రం ఆడవాళ్లకి ఓటిచ్చింది. అంటే రాజమండ్రిలో, గుంటూరులో ఆస్తి ఉన్న ఆడమనిషికి ఓటొచ్చింది. హైదరాబాద్‌లో మాత్రం ఆడామగా తేడా లేదు, సామాన్యుడెవరికీ ఓటు లేదు. నిజాం రాజ్యం కదా.

ఇప్పుడు కెన్యా. అసలు అక్కడ మనవాళ్లు ఎందుకున్నారు?

1896లో బ్రిటిష్ వాళ్లు మొంబాసా రేవు నుంచి విక్టోరియా సరస్సు దాకా రైల్వే లైను మొదలుపెట్టారు. దానికి భారతదేశం నుంచి, ఎక్కువగా పంజాబ్ నుంచి, దాదాపు 32,000 మంది కూలీల్ని తీసుకెళ్లారు. సుమారు 2,500 మంది అక్కడే చనిపోయారు. సింహాలు తిన్నది కొందర్నే, సినిమాలు చూసి మోసపోవద్దు. ఎక్కువమందిని తిన్నది జ్వరాలు, ప్రమాదాలు. లైను పూర్తయ్యాక చాలామంది తిరిగొచ్చేశారు, కొన్ని వేలమంది ఉండిపోయారు. రైలు వెంట గుజరాతీ దుకాణాలు వెలిశాయి. ఆ తీరంలో అంతకుముందు కూడా కొన్ని వందల ఏళ్లుగా గుజరాత్ వర్తకులు ఉన్నారు. రైలొచ్చాక తెల్లవాళ్లు కూడా వచ్చారు, లోపలి ఎత్తైన చల్లటి భూములు చూశారు, ఇవి మాకే అన్నారు. ఆ భూముల్లో అప్పటికే కికుయు, మాసై లాంటి జనం ఉన్నారన్నది వాళ్ల లెక్కలో లేదు.

శాసన మండలి 1907లో మొదలైంది. గవర్నర్, అధికారులు, గవర్నర్ పిలిచిన కొందరు తెల్లవాళ్లు. కొన్నాళ్లకి ఎ.ఎం. జీవన్‌జీ అనే వ్యాపారిని సభ్యుడిగా నామినేట్ చేశారు, ఆ సభలో కూర్చున్న మొదటి భారతీయుడు ఆయనే. రైల్వేకి కూలీల్ని, సరుకుల్ని సప్లై చేసి ఎదిగిన మనిషి. 1920లో దేశం అధికారికంగా బ్రిటిష్ కాలనీ అయింది, తెల్లవాళ్లకి ఎన్నికలు వచ్చాయి, పదకొండు సీట్లు. మాకేదీ అని భారతీయులు అడిగారు.

ఇక్కడ మన సీఎస్ఈ వాళ్లకి అర్థమయ్యేలా చెప్తాను. ఉమ్మడి జాబితా అంటే ఓటర్లందరూ ఒకే టేబుల్‌లో ఉంటారు, జాతి అన్న కాలమే అక్కర్లేదు. ఎక్కువ ఓట్లు ఎవరికొస్తే వాళ్లు. విడి జాబితాలు అంటే తెల్లవాళ్లకో టేబుల్, భారతీయులకో టేబుల్, అరబ్బులకో టేబుల్, ఒక్కో టేబుల్‌కి ఇన్ని సీట్లని ముందే హార్డ్‌కోడ్ చేసేస్తారు. ఆ నంబర్ ఎవరు రాస్తారో అధికారం వాళ్ల చేతిలోనే ఉంటుంది. జనాభా పెరిగినా తగ్గినా అవుట్‌పుట్ మారదు. భారతీయులు ఉమ్మడి జాబితా కావాలన్నారు. లండన్‌లో కొందరు దానికి మొగ్గారు కూడా. తెల్ల సెట్లర్లకి ఎంత కోపం వచ్చిందంటే, గవర్నర్‌ని ఎత్తుకుపోయి రైల్వేని, టెలిగ్రాఫ్‌ని స్వాధీనం చేసుకోవాలని నిజంగానే ప్లాన్ వేశారు. రాజుగారి మీద భక్తి ఉంది కాబట్టి రాజుగారి గవర్నర్‌ని కిడ్నాప్ చేస్తామన్నమాట.

1923 జులైలో లండన్ ఒక శ్వేతపత్రం విడుదల చేసింది. కాలనీల మంత్రి డెవన్‌షైర్ పేరుతో ప్రసిద్ధం. అందులో జనాభా లెక్కలు ఉన్నాయి: తెల్లవాళ్లు సుమారు 9,600, భారతీయులు సుమారు 22,800, అరబ్బులు 10,000, ఆఫ్రికన్లు సుమారు 25 లక్షలు. సీట్లు: తెల్లవాళ్లకి 11, భారతీయులకి 5, అరబ్బులకి 1. భాగహారం చేసి చూడండి. తెల్లవాళ్లకి దాదాపు 880 మందికో సీటు, మనవాళ్లకి 4,560 మందికో సీటు. ఆఫ్రికన్లకి సున్నా. వాళ్ల తరఫున మాట్లాడ్డానికి ఒక తెల్ల మిషనరీని నామినేట్ చేస్తారట. విచిత్రం ఏంటంటే, ఈ దేశంలో ఆఫ్రికన్ల ప్రయోజనాలే అన్నిటికన్నా ముఖ్యం అని అదే పత్రం ప్రకటించింది. ఆ మాటని భారతీయుల నోరు మూయించడానికి వాడారు, ఆఫ్రికన్ల నోరు తెరవడానికి వాడలేదు. ఎత్తైన భూములు మాత్రం తెల్లవాళ్లకే ఖాయం.

మనదేశంలో పెద్ద గొడవైంది. మా దేశస్తులకి సామ్రాజ్యంలో సమానత్వం లేదంటే మరి మేం ఈ సామ్రాజ్యంలో ఎందుకుండాలి అన్న ప్రశ్న మితవాదులకి కూడా వచ్చింది. ఆ డిసెంబర్‌లో కాంగ్రెస్ మహాసభ జరిగింది ఎక్కడో తెలుసా? కాకినాడలో. మహమ్మద్ అలీ అధ్యక్షుడు. పద్నాలుగేళ్ల వాలంటీర్ దుర్గాబాయి టికెట్ లేదని నెహ్రూనే గేటు దగ్గర ఆపేసిన కథ ఈ సభలదే, అందరికీ ఆ కథే గుర్తు. కానీ అదే సభల్లో కెన్యా విషయం కూడా వచ్చింది, అక్కడి భారతీయుల మహాసభకి సరోజినిని, జార్జ్ జోసెఫ్‌ని పంపాలని నిర్ణయించారు. గాంధీ అప్పుడు జైలు శిక్షలో ఉన్నారు, జనవరిలో పుణె ఆస్పత్రిలో అపెండిసైటిస్ ఆపరేషన్ అయింది. పిల్లల్ని, ఆరోగ్యాన్ని పక్కనపెట్టి నలభై నాలుగేళ్ల సరోజిని ఓడెక్కారు.

మొంబాసాలో తూర్పు ఆఫ్రికా భారతీయ కాంగ్రెస్‌కి ఆమె అధ్యక్షురాలు. అక్కడి భారతీయుల్లో హిందువులు, ముస్లింలు, సిక్కులు, గోవా క్రైస్తవులు, అందరూ ఉన్నారు. మండలిలో మీరిచ్చే ఐదు సీట్లు మాకొద్దు, ఉమ్మడి జాబితా ఇస్తేనే వస్తాం అన్న పట్టుదలకి ఆమె బలమిచ్చారు. మంచి వక్త, రాసుకోకుండా గంటలకొద్దీ మాట్లాడగలిగేవారు. వాళ్లకి ఎంత ధైర్యం వచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇక్కడిదాకా నాకు చాలా గర్వంగా ఉంది. ఇక్కడి నుంచే ఇబ్బంది.

ఆ అధ్యక్షోపన్యాసంలో ఆమె తీసుకున్న వాదన ఏంటంటే, ఈ నేలని తవ్వింది భారతీయులు, ఈ పట్టణాలు కట్టింది భారతీయులు, అందుకని తూర్పు ఆఫ్రికా భారత జాతికి న్యాయంగా దక్కిన వలస భూమి లాంటిది, నేను భారత నేల మీదే నిలబడి మాట్లాడుతున్నాను అని. మొదటిసారి ఇది చదివినప్పుడు వేరే ఎవరి ఉపన్యాసమో అనుకుని మళ్లీ పైకెళ్లి పేరు చూసుకున్నాను. వలస పాలన పోవాలని జైలుకెళ్లే మనిషి, ఇంకొకరి దేశాన్ని మన వలస అంటున్నారు. కూలీలు చెమటోడ్చారు, నిజమే. చనిపోయారు, అదీ నిజమే. కానీ ఆ చెమట పడింది ఎవరి నేల మీద?

ఇంకో విషయం. భారతీయులు అడిగిన ఉమ్మడి జాబితాలో కూడా ఓటుకి చదువు, ఆస్తి షరతులున్నాయి. చదువుకునే బడి, ఉంచుకునే భూమి రెండూ లేకుండా చేసిన 25 లక్షల మందిలో ఆ షరతులు దాటి లోపలికి వచ్చేవాళ్లు ఎంతమంది? పేరుకి ఒకే టేబుల్, కానీ ఎంట్రీ ఫిల్టర్ దగ్గరే చాలామంది ఆగిపోతారు.

ఆఫ్రికన్లు అప్పటికింకా మేలుకోలేదని ఎవరైనా అంటే అది తప్పు. అంతకు రెండేళ్ల ముందు, 1922 మార్చిలో, హ్యారీ థుకు అనే కికుయు యువకుణ్ణి అరెస్ట్ చేస్తే వేలమంది నైరోబీ పోలీస్ లైన్ల ముందు చేరారు. కూలి తగ్గించొద్దని, మెడలో వేలాడదీసుకు తిరగాల్సిన కిపండే అనే గుర్తింపు బిళ్ల వద్దని ఆయన పోరాడాడు. మగవాళ్లు వెనక్కి తగ్గుతుంటే మేరీ ముథోని న్యాంజిరు అనే ఆవిడ వాళ్లని సిగ్గుపడేలా చేసి ముందుకు నడిపించింది. పోలీసులు కాల్చారు. ప్రభుత్వ లెక్కలోనే ఇరవైమందికి పైగా చనిపోయారు. ఆమె కూడా. థుకుకి స్నేహితుడిగా నిలబడి, తన ఆఫీసులో చోటిచ్చిన వాళ్లలో మణిలాల్ దేశాయ్ అనే భారతీయ ఎడిటర్ ఉన్నాడు, ఆయన పత్రిక పేరు ఈస్ట్ ఆఫ్రికన్ క్రానికల్. అంటే కలిసి నడవడం అప్పుడే సాధ్యమైంది, అక్కడున్న ఒకరిద్దరు చేసి చూపించారు కూడా. సరోజిని మొంబాసాలో మాట్లాడుతున్న రోజుకి థుకు విచారణ లేకుండా అదే తీరంలో ఉత్తరాన కిస్మాయులో ప్రవాసంలో ఉన్నాడు. న్యాంజిరు, సరోజిని, ఇద్దరూ ఆడవాళ్లే, ఇద్దరూ గుంపుకి ముందు నడిచినవాళ్లే. రెండేళ్ల తేడాలో, ఒకే దేశంలో. ఒకరి పేరు మన జీకే పుస్తకంలో ఉంది.

ఆమెని తిట్టడానికి రాయట్లేదు ఇది. ఆమె కాలంలో చాలామంది భారత నాయకులు ఇంతకన్నా హీనంగా మాట్లాడారు. కానీ కాలం అలాంటిదని వదిలేస్తే, అదే కాలంలో దేశాయ్ చేసిన పనికి విలువ లేకుండా పోతుంది.

మొంబాసా తర్వాత ఆమె దక్షిణాఫ్రికా వెళ్లారు. అక్కడ భారతీయుల దుకాణాల్ని, ఇళ్లని ఊళ్లలో వేరే ప్రాంతాలకి తోసేసే క్లాస్ ఏరియాస్ బిల్లు ఆ దేశపు తెల్ల పార్లమెంట్ ముందుంది. జొహానెస్‌బర్గ్, డర్బన్, కేప్‌టౌన్ తిరిగి దానికి వ్యతిరేకంగా మాట్లాడారు. ఆ ఏడాదే స్మట్స్ ప్రభుత్వం పార్లమెంట్‌ని రద్దు చేసి ఎన్నికలకెళ్లి ఓడిపోయింది, బిల్లు కూడా దాంతోపాటే పోయింది. (తర్వాతి ప్రభుత్వం అలాంటిదే ఇంకోటి తెచ్చిందనుకోండి.) డర్బన్‌లో ఆమె ఇంటిపేరు ఎవరికీ కొత్త కాదు. 1860లో మద్రాసు నుంచి మొదటి ఓడ ట్రూరో దిగినప్పట్నుంచీ నాటాల్ చెరకు తోటల్లో తెలుగువాళ్లు, తమిళులు ఉన్నారు. అక్కడ నాయుడు కాస్తా స్పెల్లింగ్ మారి నాయిడూ అయింది, ఇప్పటికీ బాగా వినిపించే ఇంటిపేరు.

తిరిగొచ్చాక 1925లో కాన్పూర్ కాంగ్రెస్‌కి అధ్యక్షురాలయ్యారు, ఆ కుర్చీలో కూర్చున్న మొదటి భారతీయ మహిళ. అంతకుముందు అనీ బిసెంట్ ఉన్నారు కానీ ఆవిడ భారతీయురాలు కాదు. 1930 మేలో గాంధీ అరెస్టయ్యాక ధరాసన ఉప్పు సత్యాగ్రహానికి ముందు నిలబడి జైలుకెళ్లారు. 1942లో మళ్లీ జైలు. ఇవన్నీ మీకు తెలిసినవే, దాటేద్దాం.

జాబితాల సంగతి మాత్రం దాటలేను. కెన్యాలో విడి జాబితాలు తప్పన్న కాంగ్రెస్, 1916 లక్నో ఒప్పందంలో ఇక్కడ ముస్లింలకి విడి నియోజకవర్గాలు ఒప్పుకుంది. హిందూ ముస్లిం ఐక్యత కోసమని సరోజిని దాన్ని మనస్ఫూర్తిగా సమర్థించారు. జిన్నా ఉపన్యాసాలకి సంపాదకత్వం వహించి, ఆయన్ని ఐక్యతకి రాయబారిగా పరిచయం చేసింది కూడా ఆవిడే. హైదరాబాద్‌లో పెరిగిన మనిషికి ఆ ఐక్యత ఇంటి విషయం. 1931లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లినప్పుడు మాత్రం, ఆడవాళ్లకి ప్రత్యేక సీట్లు వద్దు, వయసొచ్చిన అందరికీ ఓటు, అందరికీ ఒకే పోటీ అని బేగం షానవాజ్‌తో కలిసి రాసిచ్చారు. మొంబాసాలో భారతీయుల కోసం అడిగింది, లండన్‌లో ఆడవాళ్ల కోసం అడిగింది ఒకటే. చదువు, ఆస్తి షరతులు ఈసారి లేవు. ఏడేళ్లలో ఆమె జాబితా పెద్దదైంది.

1946లో రాజ్యాంగ సభకి ఆమె బీహార్ నుంచి వెళ్లారు. హైదరాబాద్ నుంచి కాదు, ఎందుకంటే హైదరాబాద్ సంస్థానం ఆ సభకి తన ప్రతినిధుల్ని పంపలేదు. పుట్టిన ఊరికి అక్కడ కుర్చీ లేదు. కాకినాడలో నెహ్రూని ఆపిన దుర్గాబాయి కూడా అదే సభలో సభ్యురాలు. ఆ సభ విడి నియోజకవర్గాల్ని ఎత్తేసి, చదువు, ఆస్తి ఏ షరతూ లేకుండా 21 ఏళ్లు నిండిన అందరికీ ఓటు రాసింది. పని పూర్తయ్యేదాకా సరోజిని లేరు. యునైటెడ్ ప్రావిన్సెస్ గవర్నర్‌గా ఉండగానే 1949 మార్చి 2న లక్నోలో చనిపోయారు. హైదరాబాద్ వాళ్లు మొదటిసారి అందరూ లైన్లో నిలబడి ఓటేసింది 1952 సాధారణ ఎన్నికలప్పుడు.

ఇప్పుడు మా ధూల్‌పేట్ గోషామహల్ నియోజకవర్గంలో ఉంది. వినాయకులు చేసేవాళ్లు, పతంగులు చేసేవాళ్లు, రాఖీలు చుట్టేవాళ్లు, ఎప్పుడో ఉత్తరాది నుంచి వచ్చి స్థిరపడిన లోధ్ కుటుంబాలు, మాలాంటి తెలుగు ఇళ్లు, అందరం ఒకే లిస్టులో ఇంటినంబర్ల వరసలో ఉంటాం. మా నానమ్మ ప్రతి ఎన్నికకీ వచ్చే స్లిప్పుని రేషన్ కార్డుతో పాటు బీరువాలో దాస్తుంది. ఎందుకే అంటే, పేరుంది కదరా అంటుంది. కెన్యా లెక్కలు చదివేదాకా నాకా మాట బరువు తెలీలేదు.

అక్కడి మండలి సంగతి చెప్పి ముగిస్తా. శ్వేతపత్రం వచ్చిన 21 ఏళ్లకి, 1944లో, ఎలియుడ్ మాథు అనే టీచర్ మొదటి ఆఫ్రికన్ సభ్యుడయ్యాడు. అదీ నామినేషనే. 1952లో అత్యవసర పరిస్థితి పెట్టి జోమో కెన్యాట్టాని అరెస్ట్ చేసినప్పుడు, ఆయన తరఫున వాదించడానికి ఢిల్లీ నుంచి దివాన్ చమన్‌లాల్ వెళ్లారు, నైరోబీలోని భారతీయ లాయర్లు కొందరు తోడు నిలిచారు. మణిలాల్ దేశాయ్ వెళ్లిన దారి అన్నమాట. 1957లో ఆఫ్రికన్లకి మొదటిసారి ఎన్నికలు, ఎనిమిది సీట్లు. అప్పుడు కూడా చదువు, ఆదాయం, ఆస్తి చూసి ఒక్కొక్కరికి ఒకటి నుంచి మూడు దాకా ఓట్లు ఇచ్చారు. వెయిటెడ్ ఓటు! 1961లో ఉమ్మడి జాబితా వచ్చింది, కానీ ఎన్నికయ్యే 53 సీట్లలో 20 ఇంకా తెల్లవాళ్లకి, ఆసియావాళ్లకి, అరబ్బులకి రిజర్వ్. 1963 మే ఎన్నికలకి ఆ రిజర్వ్ సీట్లు కూడా పోయాయి. పెద్దవాళ్లందరికీ ఓటు, ఒకే జాబితా. మొంబాసాలో అడిగినది, అప్పుడు అడిగినవాళ్లు అనుకోనంత పెద్ద సైజులో వచ్చింది. డిసెంబర్ 12న స్వాతంత్ర్యం.

ఆ కొత్త పార్లమెంట్‌లో స్పీకర్ హంఫ్రీ స్లేడ్, తెల్ల సెట్లర్. డిప్యూటీ స్పీకర్ ఫిట్జ్ డిసౌజా, గోవా మూలాలున్న లాయర్, కెన్యాట్టా కేసులో పనిచేసినవాడు. ఇంకో గోవా మూలాలాయన పియో గామా పింటో 1964లో సభలోకి వచ్చాడు, ఆఫ్రికన్ల పోరాటంలో కలిసి తిరిగి ఏళ్లపాటు నిర్బంధంలో ఉన్న మనిషి. భూమి పేదలకే దక్కాలని కొత్త ప్రభుత్వాన్ని కూడా గట్టిగా నిలదీశాడు. 1965 ఫిబ్రవరిలో నైరోబీలో తన ఇంటి గేటు దగ్గర, కారులో వెనక సీట్లో చిన్న కూతురుండగా, ఆయన్ని కాల్చి చంపారు.